రోజుకొక ముడి

మొన్న పోస్టులో పుస్తకం పార్సిలు వచ్చింది. గోధుమరంగు కాగితం, దాని చుట్టూ అడ్డంగా నిలువుగా పురికొస, నాలుగు చోట్ల బిగించి వేసిన ముడులు. వానకు తడిసి ఆరిన పురికొసకు ఒక వాసన ఉంటుంది. గోనెసంచీదీ కాదు, గడ్డిదీ కాదు, చెట్టుబెరడు వాసనకు దగ్గరగా ఉంటుంది. మా మనవరాలు కల్యాణి కత్తెర పట్టుకుని వచ్చింది. "కత్తెర వద్దే, ఇలా ఇయ్యి" అని పార్సిలు ఒళ్లో పెట్టుకుని గోళ్లతో ఒక్కో ముడీ విప్పడం మొదలుపెట్టాను. పీచు గోటి కిందికి దిగి చురుక్కుమంది. "ఏటమ్మమ్మా ఇది! సటుక్కున కోసీడానికి పావుగంటా?" అని అది నెత్తి కొట్టుకుంది. కొట్టుకోనీ. డెబ్బై దాటినదాన్ని, నా ఇంటికొచ్చిన ముడులు నేనే విప్పుకుంటాను.

మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు పదిమంది చేరి చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. ఈ నెల వంతు ఈ నవలది. చదివి ఎలా ఉందో రెండు పేజీలు రాసిమ్మని నన్నడిగారు. లెక్కలు చెప్పుకుని బతికినదానికి నవలల సంగతేం తెలుస్తుందని అంటే వినలేదు. సరే, రెండు రోజుల్లో చదివేశాను. ఒక ఉప్పు కొఠారు యజమాని, తన మీద సాక్ష్యం చెప్పబోతున్న కూలిమనిషినీ ఆమె ఆరేళ్ల కూతురినీ కొఠారులో పెట్టి తాళం వేస్తాడు. కథంతా ఆ పిల్లే చెబుతుంది. అది చెర అని పిల్లకు తెలియదు. కాపలావాడిని మామయ్య అంటుంది. తలుపు సందులోంచి పడే ఎండచార మీద కూర్చుని దాన్ని తన పీట అంటుంది. తల్లి ఏడిస్తే ఉప్పు కళ్లలో పడిందనుకుంటుంది. రాసినాయన ఎవరో గాని పిల్లల మనసు తెలిసినవాడే అనుకున్నాను. పిల్లలు పెద్ద ప్రశ్న అడగరు, చీమల గురించి అడుగుతారు. అక్కడిదాకా నాకు నచ్చింది, కొన్ని చోట్ల కళ్లు తుడుచుకోవలసి వచ్చింది కూడాను.

ఆఖర్లో మాత్రం ఒళ్లు మండింది. ఆ ఆరేళ్ల పిల్ల నిద్రపోతున్న కాపలావాడి మొలలోంచి తాళంచెవి లాగి, తలుపు తీసి, తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోతుంది! పుస్తకం మంచం మీదికి గిరాటేశాను. కల్యాణి హడలిపోయింది.

"ఏటైందమ్మమ్మా?"

"పిల్లలు పెద్దోళ్లని ఇడిపించరే. ఇడిపిద్దామని చెయ్యి పెడతారు, అంతే. ఆ పెట్టిన చెయ్యే కొంప ముంచుతుంది."

"కథ కదా అది. నీకెందుకంత కోపం?"

ఎందుకో చెప్పాలంటే లచ్చమ్మ గురించి చెప్పాలి. అరవై ఏళ్లు దాటినా నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ నవలలో బందీ అయిన పిల్ల ఉంది, కాపలావాడు ఉన్నాడు, యజమాని ఉన్నాడు. తాళంచెవి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్ల మాత్రం ఎక్కడా లేదు. నేను ఆ పిల్లని. కాబట్టి ఆదివారం వాళ్లు అడిగిన రెండు పేజీలు ఇలా సాగదీస్తున్నాను, క్షమించాలి.

అప్పుడు నాకు ఏడేళ్లు. మన్యంలో తెల్లదొరల మీద పితూరీ నడుస్తున్న రోజులు. నర్సీపట్నంలో ఎటు చూసినా ఖాకీ చొక్కాలే. కొండల మీదికి వెళ్లేవాళ్లూ దిగివచ్చేవాళ్లూ మా వీధిలోంచే పోయేవారు. మా నాన్న కచేరీలో గుమాస్తా. మెత్తని మనిషి. పైవాళ్లు ఏది చెప్పినా "చిత్తం" అనడం తప్ప ఎరగడు. మా పెరట్లో ఒక మూల ధాన్యం కొట్టుగది ఉండేది, దాని చుట్టూ మట్టిగోడ, గోడ వెనక తాటితోపు, ఆ తోపు దాటితే వాగు. ఒక వానరోజు మధ్యాహ్నం ఇద్దరు జవాన్లు ఒక కొండామెనూ ఐదేళ్ల పిల్లాడినీ తెచ్చి ఆ కొట్టుగదిలో దింపారు. ఆమె భర్త పితూరీవాళ్లతో కొండల్లోకి వెళ్లిపోయాడట. అతను దిగివచ్చి లొంగిపోయేదాకా పెళ్లాన్నీ పిల్లాడినీ పట్టి ఉంచాలట. ఆడవాళ్లను ఉంచడానికి వేరే చోటు లేదని మా ఇల్లు అడిగారు. మా నాన్న చిత్తం అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లోంచి అడగడం నాకు గుర్తుంది. "ఎన్నాళ్లండీ?"

"వాడు దిగొచ్చేదాకా."

"దిగిరాకపోతే?"

నాన్న కాళ్లు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మ గంజిలో ఇంత ఉప్పు ఎక్కువ వేసి, కొట్టుగది గుమ్మం ముందు పెట్టి దూరంగా జరిగి నిలబడింది. తాకకూడదు, మాట్లాడకూడదు అని నాకూ చెప్పింది. మొదటిది నాలుగు రోజులు పాటించాను, రెండోది ఒక్కరోజు కూడా పాటించలేదు.

ఆ కొండామే లచ్చమ్మ. పొడుగ్గా, ఎముకలు కనబడేలా ఉండేది. నవ్వడం తక్కువ. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదని రెండో రోజుకే అమ్మకు అర్థమైంది. మా ఇంట్లో ఎప్పుడూ వచ్చిపోయేవాళ్లుండేవారు, విస్తళ్లు బోలెడు కావాలి. అడ్డాకులు, ఈనెపుల్లలు ఇస్తే రోజంతా చూరు కింద కూర్చుని కుట్టేది. ఆకు మీద ఆకు అతికించి, పుల్ల గుచ్చి, పుల్ల కొస గోటితో తుంచి, మళ్లీ గుచ్చి, అలా చుట్టూ తిప్పుకుంటూ వచ్చేది. కాపలా జవాను అరుగు మీద కునుకుతీసేవాడు. నేను బడినుంచి వస్తూనే పలక గిరాటేసి ఆమె ఎదుట చతికిలబడేదాన్ని.

నేను కుట్టిన మొదటి విస్తరి ఎత్తి ఎండకు అడ్డంగా పట్టి చూసింది. నాలుగు చోట్ల వెలుతురు కనబడింది. చింపి పారేసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడిస్తే చారు కారకుండా ఆగుతాదేటి?" అంది. "సూడు పాపా, తినీవోడికి నువ్వు కనబడవు. ఇస్తరే కనబడతాది. మల్లీ కుట్టు."

మళ్లీ కుట్టాను. అదీ చింపింది. ఏడోదో ఎనిమిదోదో ఎండకు పట్టి చూసి, తన దొంతరలో పెట్టింది. నాకు ఆ తర్వాత ఎన్నో సర్టిఫికెట్లు వచ్చాయి, ఆ దొంతరలో చేరినప్పుడు కలిగినంత సంతోషం దేనికీ కలగలేదు. పాఠం చెప్పేటప్పుడు పిల్లల ముందు నా పనిలో ఎక్కడ వెలుతురు కారుతోందో నేనే ముందు చూసుకోవడం అక్కడే అలవాటైంది.

పిల్లాడి పేరు సోములు. బొద్దుగా, బుగ్గమీద మచ్చతో, రోజంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు. వాళ్లమ్మ వాడికి చెప్పినదేమిటంటే, ఈ ఇంట్లో విస్తళ్ల పని ఒప్పుకున్నామని, పని అయిపోగానే కొండకు వెళ్లిపోతామని. జవాను తమకు తోడుగా వచ్చిన బాబట. వాడది నమ్మాడు. మరి రాత్రికి బయట తాళం ఎందుకు వేస్తారని నేను మా నాన్ననడిగాను. "దొంగలు రాకుండానమ్మా" అన్నాడు. నేనదీ నమ్మాను. దొంగలు ఆకుల కోసం వస్తారా అని ఒక్కసారైనా అనుమానం రాలేదు చూడండి! ఆ నవలలో పిల్ల కాపలావాడిని మామయ్య అంటే చదివేవాళ్లకు జాలేస్తుంది. నాకు మా కొట్టుగది గొళ్లెం చప్పుడు వినబడింది. ఇద్దరు పిల్లలకు రెండు అబద్ధాలు, ఆ రెండింటి మధ్యా ఒక తలుపు.

సంతరోజున ఆకులమ్మే కొండామె మా వీధికి వచ్చేది. ఒకసారి అమ్మ ఒక కట్ట ఆకులు కొని, దించి రమ్మని ఆమెనే పెరట్లోకి పంపింది. దించుతూ ఆమె లచ్చమ్మతో గుసగుసగా ఏదో అంది. కట్ట చుట్టూ నారతాడు. లచ్చమ్మ దాన్ని విప్పి, చేతిలో కాసేపు తడిమి, ఎవరూ చూడనప్పుడు సోములు మొలకు కట్టేసింది. అంత పొడుగు మొలతాడు ఎవరికీ ఉండదు. రెండు చుట్లు చుట్టి కట్టింది. దానికి వరసగా పన్నెండు ముడులు. మర్నాడు పొద్దున వాడిని దగ్గరికి లాక్కుని ఒక ముడి విప్పింది. ఆ మర్నాడు ఇంకొకటి.

"ఎందుకలా ఇప్పుతోందిరా?" అని సోములునడిగాను.

వాడు నా చెవిలో నోరు పెట్టి ఊదుతూ చెప్పాడు. "ఎవులికీ సెప్పకు. ఈ ముడులన్నీ అయిపోతే అయ్య ఒస్తాడు. తాటితోపు అవతల వాగుకాడికి. అమ్మా నానూ ఇంటికెల్లిపోతాం."

కొండమీద పెళ్లికి పిలవాలన్నా, పండగకు రమ్మనాలన్నా అలా తాడుకు ముడులేసి పంపుతారట. ఎన్ని ముడులో అన్ని రోజులు. అందుకున్నవాళ్లు రోజుకొకటి విప్పుకుంటూ వస్తే ఆఖరి ముడి విప్పిన రోజే అక్కడ కలుసుకుంటారు. కాగితం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మా మట్టిగోడ ఎక్కడం లచ్చమ్మకు పెద్ద పనికాదు. దీపాలవేళ జవాను తిండికి వెళ్లేవాడు, మా నాన్న వచ్చి తాళం వేసేసరికి కొంచెం ఆలస్యమయ్యేది. గోడ దూకడానికి ఆ సందు చాలు. కాని పిల్లాడిని ఎత్తుకుని ఒంటరిగా వెళ్తే పక్కనున్న రోలుగుంట కూడా దాటలేదు, దారి పొడుగునా జవాన్లే. వాగు దగ్గర దొంగదారి తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషి ఉండేది ఆ ఒక్కరోజే. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు అర్థమైనది ఒక్కటే, ముడులు అయిపోతే వాళ్లు ఇంటికెళ్లిపోతారు.

ఇంకా ఏడు ముడులుండగా ఒక పొద్దున, ఆ రోజు ముడి విప్పకముందే, సోములుకు జ్వరం వచ్చింది. ముసురు పట్టి ఉంది. కొట్టుగదిలో తేమ, చీకటి. వాడు "ఇంటికెల్దామే, ఇంటికెల్దామే" అని కలవరించేవాడు. లచ్చమ్మ కంటిమీద కునుకు లేకుండా వాడి పక్కనే కూర్చుంది. పొద్దున అలవాటుకొద్దీ ఒక ముడి విప్పేది, మిగతా రోజంతా ఏది పొద్దో ఏది మాపో చూసుకునే స్థితిలో లేదు. ఆ వారం వానకు సంత కూడా జరగలేదు, ఆకులమ్మే ఆమె రాలేదు. మబ్బుల్లో చందమామ కూడా కనబడలేదు. అమ్మ శొంఠి కషాయం కాచి పంపింది. తాకకూడదన్న మాట ఆ మూడు రోజులు ఆవిడే మరిచిపోయింది, వాడి నుదురు పట్టుకుని చూసి "కాలిపోతన్నాదే" అంది.

మూడో రోజు మధ్యాహ్నం లచ్చమ్మ నీళ్లకు నూతి దగ్గరికి వెళ్లింది. నేనొక్కదాన్నే వాడి పక్కన ఉన్నాను. వాడు మూలుగుతున్నాడు. మొలతాడు పైకి కనబడుతోంది. నాలుగు ముడులున్నాయి. నాలుగు రోజులు వీడు ఎలా ఆగుతాడు అనుకున్నాను. రెండు విప్పేస్తే రెండు రోజులు తొందరగా వెళ్లిపోతారు కదా! అంత మంచి ఆలోచన ఎవరికీ ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను కూడా. నార బిగుసుకుపోయి ఉంది, గోళ్లు నొప్పి పుట్టాయి. రెండు ముడులు విప్పి, తాడు సాపుచేసి, చొక్కా కిందికి కప్పేశాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే చేతులు నరుక్కోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఏదో ఘనకార్యం చేసినట్టు ఒళ్లంతా సంతోషం.

మర్నాటికి జ్వరం దిగింది. లచ్చమ్మ వాడి ఒళ్లు తుడుస్తూ తాడు తడిమింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. మళ్లీ తడిమింది. బయటికొచ్చి ఆకాశంకేసి చూసింది, మబ్బు తప్ప ఏముంది? నన్ను పిలిచింది.

"పాపా, నువ్వు బడికెల్తావు కదా. లెక్కలొచ్చు కదా నీకు. ఈడు పడుకుని ఎన్ని రోజులైనాది? సరిగ్గా సెప్పు."

మూడు అంటే దొరికిపోతాను, తిడుతుంది, విస్తళ్లు కుట్టనివ్వదు. వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టినట్టు నటించాను. ఏడులోంచి రెండు పోతే ఐదు. ఆ తీసివేత నాకు బాగా వచ్చు.

"ఐదు" అన్నాను.

"ఐదా!" అని నోరు తెరిచింది. తర్వాత మెల్లగా తల ఊపింది. "జొరంలో తెలవనేదు" అంది. బడికెళ్లే పిల్ల చెప్పింది కాబట్టి తన వేళ్లకు తెలిసిన లెక్కను పక్కన పెట్టేసింది. ఆమె జీవితంలో చదువుకున్నవాళ్లను నమ్మడం అదే మొదటిసారేమో నాకు తెలియదు.

తాడు ఖాళీ అయిన రోజు సాయంత్రం నాకు ముందుగానే తెలుసు గనక పెరటి గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాను. జవాను వెళ్లాడు. లచ్చమ్మ కుట్టిన విస్తళ్లన్నీ దొంతరపెట్టి, వాటి మీద రాయి పెట్టి, చోటంతా ఊడ్చింది. సోములును వీపున కట్టుకుంది. నన్ను చూసింది. వేలు పెదాల మీద పెట్టుకుని, ఆ చేత్తోనే నా బుగ్గ తాకింది. గోడ ఎక్కి అటు దిగిపోయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నా వల్లే కదా రెండు రోజులు ముందు వెళ్తున్నారు! ఎప్పటిలాగే నాన్న ఆలస్యంగా వచ్చి, చీకటి గదిలోకి తొంగిచూడకుండానే తాళం వేశాడు.

తెల్లవారి అరుపులకు లేచాను. పెరట్లో ముగ్గురు జవాన్లు, మా నాన్న, పక్కింటివాళ్లు. మధ్యలో లచ్చమ్మ మోకాళ్ల దాకా బురదతో నిలబడి ఉంది. సోములు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు. వాగు దగ్గర పొదల్లో ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చుందట, తాటికల్లు గీసేవాడు పొద్దున్నే చూసి చెప్పాడట.

"ఎవరొస్తానన్నారు? సెప్పు, ఎవరితో కబురంపినాడు?" అని జవాను గద్దించాడు.

"ఎవులూ నేదు బాబూ. పిల్లోడు ఇంటికెల్దామని ఏడిస్తే ఎల్లిపోదామనుకున్నాను. దారి తెల్దు. కూకుండిపోయినాను."

మా నాన్న నావైపు తిరిగాడు. "నువ్వు రోజంతా వీళ్ల దగ్గరే ఉంటావు కదే. ఏమైనా చెప్పిందా? ఎవరైనా వస్తారని చెప్పిందా?"

నోటిదాకా వచ్చింది. నాన్న అడిగితే చెప్పాలని కదా పెంపకం. లచ్చమ్మ నావైపు చూడలేదు, నేలకేసి చూస్తోంది. "తెలియదు" అన్నాను. నా జన్మలో నేను తెలిసి చేసిన మంచిపని అదొక్కటే.

బండి వచ్చేదాకా ఆమెను కొట్టుగదిలో పెట్టారు. ఇక్కడ ఉంచి లాభం లేదని, దూరపు జైలుకు పంపేస్తారని చెప్పుకున్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గంజి కాచి నాచేత పంపించింది. లోపలికెళ్లి గిన్నె పెట్టి ఆమె మోకాళ్ల మీద పడ్డాను.

"నేనే విప్పాను. రెండు ముడులు. బేగి వెళ్తారని. ఐదు రోజులు కాదు, మూడే."

ఆమె అరచెయ్యి నా నోటిమీదికి వచ్చింది. ఆకుపసరు వాసన. ఆ చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. కోపం ఉండే ఉంటుంది, ఉండకుండా ఎలా ఉంటుంది?

"రెండేనా?" అంది.

తల ఊపాను.

"అయితే రేపు" అంది తనలో తాను. సోములు మొలనుంచి ఆ తాడు విప్పి, ఒక్క ముడి వేసి, నా గుప్పిట్లో పెట్టింది. "రేపు పొద్దు వాలినాక ఈ ముడి ఇప్పీసి, తాడు గోడమీంచి తోపు ఏపుకి ఏలాడగట్టు. అది సూస్తే మేం ఇక్కడ నేమని ఈడి అయ్యకి తెలుస్తాది. ఊరేపుకి రాడు, బతుకుతాడు. ఈసారి లెక్క తప్పకు. సేస్తావా?"

"చేస్తాను" అని వెక్కుతూ అన్నాను.

"ఊరుకో. ఎవులడిగినా ఏటీ తెల్దను. నువ్వు కాదు పాపా. నానే లెక్క తప్పినాను."

ఎండెక్కుతుండగా బండి కట్టారు. ముసురు విడిచిపోయింది. సోములు బండిమీద వాళ్లమ్మ పక్కన కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి అరిచాడు. "మా పని అయిపోనాది! ఎల్లిపోతన్నాం!" వాడి మొహం వెలిగిపోతోంది. లచ్చమ్మ వాడి తల నిమురుతూ, "అవును, అయిపోనాది" అంది. వీధి మలుపు తిరిగేదాకా వాడి చెయ్యి ఊగుతూనే ఉంది. వాళ్లను మళ్లీ నేను చూడలేదు. పెద్దయ్యాక, ఉద్యోగం వచ్చాక, ఏజెన్సీ ఊళ్లలో ఎందరినో అడిగాను. కొందరు ఆమె జైల్లోనే పోయిందన్నారు, కొందరు అలాంటి మనిషే తెలియదన్నారు.

మర్నాడు బడికి వెళ్లలేదు. కడుపునొప్పని అబద్ధం చెప్పి పెరట్లోనే ఉన్నాను. ముడి విప్పాలని చేతులు లాగుతున్నాయి, విప్పలేదు. పొద్దు తాటిచెట్ల వెనక్కి దిగాక విప్పి, కట్టెల మోపు ఎక్కి, గోడమీది కంపకు తాడు కట్టి అటువైపు వేలాడదీశాను. కంప గీరుకుని మోచెయ్యి చీరుకుంది. ఆ మర్నాడు పొద్దున చూస్తే తాడు లేదు. అతనే తీసుకుని ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. గూడు కట్టుకోవడానికి కాకి పట్టుకుపోయి ఉండవచ్చు కూడా. ఏళ్ల తరబడి ఆ రెండింటి మధ్యా నలిగాను, ఇప్పటికీ తేలలేదు.

ఆ నవల గురించి ఇక చెప్పవలసింది కొంచెమే ఉంది. రాసినాయన ఆ పిల్లకు తాళంచెవి ఇచ్చాడు. ఇవ్వాలనిపించింది, ఇచ్చాడు, తప్పు పట్టను. నాకూ ఆ వయసులో అదే అనిపించింది. ఆ పుస్తకం చదివినవాళ్లు పిల్ల తెలివికి మురిసిపోతారు. నేను మాత్రం ఆ పిల్ల కళ్లెదుట తల్లి ఎన్ని అబద్ధాలు నవ్వుతూ ఆడిందో ఆ పేజీలన్నీ మళ్లీ మళ్లీ చదువుకుంటాను. బండిమీద "అయిపోనాది" అన్న గొంతు వాటిల్లో వినబడుతుంది.

నా పెద్దరికంలో మిగిలినవి చాదస్తాలే అని మా వాళ్లంటారు. నా క్లాసులో తప్పు చెప్పిన పిల్లను ఎప్పుడూ కొట్టలేదు, తెలియకపోతే తెలియదని చెప్పమన్నాను, అంతే. ఎవరికైనా మేలు చెయ్యబోయే ముందు వాళ్లనే అడుగుతాను, నీకేం కావాలని. గోడమీది కేలండరు కాగితం ఆ రోజు గడవకుండా చింపితే ఇంట్లో రభస చేస్తాను. నిన్న కల్యాణి తొందరపడి రేపటి కాగితం కూడా కలిపి చింపేసింది. అన్నం మెతుకుతో అతికించేదాకా ఊరుకోలేదు. అది అతికిస్తూ, "ఒక్కరోజు కదమ్మమ్మా, ఏటవుతాది?" అంది.

ఏమవుతుందో ఇది చదివితే దానికి తెలుస్తుంది. పురికొస చుట్టి డబ్బాలో పెట్టాను. పుస్తకం ఆదివారం గ్రంథాలయానికి ఇచ్చేస్తాను. నీకు నేను ఇవ్వవలసిన జవాబు ఒక్కటే మిగిలింది. నువ్వు లెక్క తప్పలేదు లచ్చమ్మా. నీ వేళ్లు సరిగ్గానే లెక్కపెట్టాయి. జ్వరం మూడు రోజులే.